ఒంటెకు మూపురం తెచ్చిన మూర

ఒకప్పుడు ఒంటె వీపు పీటలా చదునుగా ఉండేది. నవ్వకండర్రా, నిజం! పిల్లలు దానిమీద కూర్చుని సజ్జరొట్టె తినేవాళ్ళు.

ఆ రోజుల్లో ఇసుక దేశంలో రతనోజీ, ధాపూ అని మొగుడూ పెళ్ళాలు ఉండేవాళ్ళు. వాళ్ళకు మూడు ఒంటెలు. రెండు భారీ మగవి, ఒకటి సావళి అనే ఆడది. సావళి ఈని ఎనిమిది రోజులే అయింది.

ఆ ఏడు చినుకు పడలేదు. బావిలో బురద కూడా ఎండిపోయింది. నీళ్ళున్న చోటికి ఏడు రోజుల నడక. పొట్టి ఒంటెకు ఇసుక సెగ తగిలి పొట్ట మాడిపోతుందట. అందుకని పాదం నుంచి వీపు దాకా నాలుగు మూరలుంటేనే వెంట తీసుకెళ్ళేవాళ్ళు. లేకపోతే అక్కడే వదిలేయడమే.

ఎప్పుడూ రతనోజీయే కొలిచేవాడు. ఈసారి ఆయనకు జ్వరం. ధాపూ కొలవడానికి లేచింది. మూరంటే తెలుసుగా? మోచేతి నుంచి వేలి కొస దాకా. అదిగో, అక్కడే వచ్చింది తంటా! రతనోజీవి పొట్టి చేతులు. ధాపూవి బారు చేతులు. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు.

మగ ఒంటెలు రెండూ గట్టెక్కాయి. సావళి వంతు వచ్చింది. "పోయినేడు సరిగ్గా నాలుగు మూరలే కదా, తగ్గలేదు కదా?" అని దానికి ఒకటే గుబులు.

"ఒకటి... రెండు... మూడు... అయ్యో, జానెడు తక్కువే!" అంది ధాపూ. "పిల్లను ఎత్తుకుపోతాం గానీ, నిన్నెలా తీసుకెళ్ళనే?"

సావళి ధాపూ కాళ్ళ ముందు తల వాల్చింది. "నేను లేకపోతే దానికి పాలెవరిస్తారమ్మా? ఇంకొక్కసారి కొలువమ్మా, నీకు దణ్ణం పెడతా!"

"కాళ్ళు సాగవు గానీ, వీపు ఎత్తవే పిచ్చిదానా!" అని ఎడారి గాలి సావళి చెవిలో ఊదింది.

సావళి ఊపిరి బిగబట్టి వీపు మధ్యలో పైకి ఉబ్బించింది. ధాపూ మళ్ళీ కొలిచింది. నాలుగు మూరలు!

"హమ్మయ్య! పద పద," అంది ధాపూ.

దారి పొడుగునా సావళి వీపు దించితే ఒట్టు. ధాపూ నిమరడానికి చెయ్యి చాపినా, "అమ్మో, మళ్ళీ కొలుస్తోంది!" అని ఇంకాస్త బిగించేది. నిద్రలో కూడా అంతే.

నీళ్ళ దగ్గరికి చేరేసరికి రతనోజీకి జ్వరం తగ్గింది. సావళిని చూసి నోరు తెరిచాడు. ఉబ్బు కింది దాకా తన చేత్తో కొలిచాడు.

"ఒసే ధాపూ, ఉబ్బు లేకుండానే నాలుగు మూరలుందే! నీ చెయ్యే పొడుగు!"

ధాపూ నెత్తి కొట్టుకుంది. సావళి మెడ కావలించుకుని ఏడ్చింది. "దించవే తల్లీ, ఇక ఎవరూ కొలవరు."

సావళి దించబోయింది. దిగలేదు. వీపు అలాగే బిగుసుకుపోయింది.

"పోనీలేమ్మా, నా బిడ్డ దక్కింది, అదే చాలు," అంది సావళి. అని పిల్ల వంక చూసింది.

ఆ పసికూన ధాపూ చేతినే చూస్తూ, ఊపిరి బిగబట్టి, తన బుల్లి వీపును పైకెత్తి నిలబడింది.

అప్పటినుంచే ఒంటెకు వీపున మూపురం. ఇవాళ పుట్టిన పిల్లకు కూడా, ఎవరూ కొలవకముందే, చిన్న గుబ్బ ఉంటుంది.