దూదేకుల హుసేనప్ప దిండు

జరగండి, ఇంకాస్త ముందుకు జరగండి. వెనకున్న అక్కా, నువ్వూ వచ్చి ఈ చాప మీద కూర్చో. నా నోటికి మాట, మీ చెవికి ఓపిక ఆ దేవుడే ఇవ్వాలి.

హుసేనప్పది దూదేకే పని, విల్లు తీగ మోగిస్తూ గడ్డకట్టిన దూదిని మెత్తగా విప్పడం. చలికాలమంతా బొంతలు, పరుపులు, తినడానికి తీరిక ఉండదు. ఎండ ముదిరిందంటే అతని గుమ్మం తొక్కేవాడుండడు. ఆ ఏడు మరీ భయం పట్టుకుంది. పిల్లలు గిన్నె అడుగు గీకే చప్పుడుకే గుండె జారిపోయేది. కంటి మీద కునుకు లేదు. చివరికి ఒక పొద్దున, తాతలనాటి దూదేకే విల్లు భుజానేసుకుని సంతలో అమ్మేద్దామని బయల్దేరాడు. గురువుకు చెప్పకుండా పోవడానికి మనసొప్పక నూర్‌షా తాత గుడిసె ముందు ఆగాడు.

"మళ్ళీ చలికాలం దాకా మేం ఉంటామో లేదో తాతా. భయంగా ఉంది."

తాత అతని ఎర్రటి కళ్ళకేసి చూశాడు. "ఇంటికి పోయి నువ్వు తల పెట్టుకునే దిండు పట్టుకురా."

విల్లు గోడకానించి పోయి తెచ్చాడు. తాత నొక్కి చూసి నవ్వాడు. "ఊరందరికీ మెత్తదనం పంచేవాడివి, నువ్వు పడుకునేది బండరాయి మీదనా?"

కుట్టు విప్పాడు. గడ్డకట్టిన దూదిని ఒక్కో ముద్దా వేళ్ళతో విడదీసి, ఎండలో ఆరబోసి, మళ్ళీ నింపి కుట్టాడు. పడుకోమన్నాడు. హుసేనప్ప అలాగే నిద్రపోయాడు.

లేచేసరికి పొద్దు వాలుతోంది. తాత లేడు. గోడకానించిన విల్లూ లేదు. వీధిలోకి పరుగెత్తాడు.

తాత ఆ విల్లు మోసుకుని ఒక గుమ్మం ముందు నిలబడి ఉన్నాడు. "రాత్రిళ్ళు నిద్ర బాగా పడుతోందా తల్లీ?" అని అడుగుతున్నాడు.

ఆ ఇంటామె మెడ రుద్దుకుంటూ లోపలికెళ్ళి రాయిలాంటి దిండొకటి తెచ్చి చేతిలో పెట్టింది.

తాత విల్లు తీసి శిష్యుడి భుజాన వేశాడు. "పక్క తలుపు నీది."

పిలవని పేరంటానికి పోయినట్టు ఎండాకాలం ఒకరి గుమ్మం ఎక్కడం హుసేనప్ప ఎరగడు. "'బాగానే పడుతోంది, పో' అంటే?" అన్నాడు.

"సంతోషించి రా."

హుసేనప్ప విల్లు సర్దుకుని పక్క గుమ్మం ఎక్కాడు. తలుపు తట్టాడు.

ఆ ఎండాకాలమంతా ఆ వీధిలో దూదేకే విల్లు మోగుతూనే ఉందట.

ఇక లేవండి నాయనా. మిగతా కథ మరిచిపోయినా ఫరవాలేదు. పోతూ పోతూ మాత్రం ఒక్క తలుపు తట్టి, నిద్ర బాగా పడుతోందా అని అడగండి. రేపు ఇంకో తలుపు.