నెమరు వేయని పిల్ల

మిట్టమధ్యాహ్నం ఆ దొడ్డిలో ఒకటే చప్పుడు. పొద్దున్నే కొండ మీద మేసొచ్చిన మేకలూ గొర్రెలూ కళ్ళు మూసుకుని నెమరు వేసే చప్పుడు. అందులో కలవనిది మచ్చమ్మ అనే మేక కూతురు తునక ఒక్కతే. కడుపులో ఏమన్నా పడితే కదా నెమరు వేయడానికి!

"వేపాకు చేదు, తుమ్మాకు ముళ్ళు, రేగాకు నూగు" అని మూతి తిప్పేది ఆ మహారాణి. మచ్చమ్మ బతిమాలేది, కసిరేది, ఆఖరికి నోట్లో కుక్కేది. పిల్ల ఉమ్మేసేది.

ఒకరోజు ముళ్ళకంచె పక్కన నాలుగు ఇప్పపూలు కనిపించాయి. తునక గబగబా తినేసింది. మర్నాడు పూలు కంచె అవతల ఉన్నాయి. ఆ మర్నాడు ఇంకాస్త దూరాన, పొద దగ్గర. పిల్ల కంచె సందులోంచి తిరిగి లోపలికి దూరుతుంటే మచ్చమ్మ పట్టుకుంది.

"ఎవరు పెడుతున్నారే అవి?"

"అవ్వ. పొదలోంచి పిలుస్తాది. నీ మాదిరి కసరదు."

మచ్చమ్మ వాళ్ళమ్మను దుమ్ములగొండి ఎత్తుకుపోయి ఏడాదైంది.

అంతలో పొద కదిలింది. "తల్లీ, ఆకలేస్తాందా?"

అచ్చం అమ్మ గొంతే. మచ్చమ్మ కాళ్ళు వాటంతటవే రెండడుగులు వేశాయి. ముసలి గొర్రె ఓబులత్త అడ్డం వచ్చింది.

"ఆగవే! అది దుమ్ములగొండి. ఎవుర్ని తింటే వాళ్ళ గొంతుతో పిలుస్తాది."

"ఇంతమందిలో నా బిడ్డనే ఎందుకత్తా?"

"చెవి పెట్టి వింటాదే అది. నెమరు వినపడనిచోట ఆకలి ఉంటాదని దానికి తెలుసు. ఆకలిగొన్న పిల్ల ఎవరు పిలిచినా పోతాది."

"అయితే ఇప్పుడే కుక్కుతా!"

"ఇన్నాళ్ళూ కుక్కి ఏం సాధించినావు? దాన్ని అడగొద్దు. పక్కన నిలబడి నువ్వు తిను, చాలు."

మర్నాడు కొండ మీద మచ్చమ్మ పిల్లను పల్లెత్తు మాట అనలేదు. లేత తుమ్మరెమ్మ అందుకుని, ముళ్ళు తప్పించుకుంటూ ఇష్టంగా నమిలింది. తునక ఓరకంట చూసింది.

"నాకు పెట్టవా?"

"నీకు నచ్చదు కదమ్మా."

"ఒక్కాకు!"

తిని మొహం వికారంగా పెట్టింది. మర్నాడు మూడాకులు తింది. మధ్యాహ్నాలు మచ్చమ్మ కంచె సందుకు అడ్డంగా పడుకునేది. గొంతు మాత్రం రోజురోజుకూ దగ్గరికొచ్చేది. భయంతో ఆమెకు కంటిమీద కునుకు లేదు. నాలుగోనాడు తునక రెమ్మంతా దూసేసింది.

ఆ మధ్యాహ్నం గొంతు కంచెకు ఆనుకునే వినిపించింది. "తల్లీ, ఆకలేస్తాందా?"

భయంతో మంద మొత్తం నెమరు ఆపేసింది. చిన్న దవడ ఒక్కటే తాపీగా ఆడుతోంది.

"లేదవ్వా. కడుపు నిండింది."

కంచె బయట నుంచి ఇంకో గొంతు వచ్చింది, అవ్వది కాదు, ఎవరిదీ కాదు, బొంగురుగా, ఏడుస్తున్నట్టు.

"నాకు ఆకలేస్తాందే..."

ఎండుటాకుల మీద అడుగులు ఈడ్చుకుంటూ దూరమయ్యాయి. మచ్చమ్మ పిల్లను ఒళ్ళంతా నాకుతూ ఏడ్చేసింది.

నీతి: పిల్లలకు తిండి అలవాటు చేయాలంటే, కుక్కడం మాని పక్కన కూర్చుని తినండి.