కాటుకకు పుట్టిన గోధుమరంగు పిల్లలు

విజయనగరంలో జాతి కుక్కలు పెంచే జగ్గరాజు, ఏ తప్పు జరిగినా కారణం వెతక్కముందే మనిషిని వెతికేవాడు.

ఆయన దగ్గర కాటుక అనే నల్ల లాబ్రడార్ ఉండేది. దాని వంశపత్రాన్ని అద్దం కట్టించి హాల్లో వేలాడదీశాడు. కుక్కల బాగోగులన్నీ అప్పలకొండ చూసేది. ఎనిమిదేళ్ళుగా ఆ ఇంటి గేటు తాళాలు ఆమె కొంగునే ఉండేవి.

కాటుక ఎదకి వచ్చినప్పుడు జగ్గరాజు విశాఖపట్నం తీసుకెళ్ళి, అక్కడి స్నేహితుడి నల్ల లాబ్రడార్‌తో జత కలిపించాడు. రెండు నెలలకి ఎనిమిది పిల్లలు పుట్టాయి. ఆరు నల్లవి. మిగతా రెండూ కాఫీ గింజల రంగులో ఉన్నాయి.

జగ్గరాజు ముఖం మాడిపోయింది. "తల్లీ నలుపే, తండ్రీ నలుపే. ఈ రంగు ఎక్కడిది? గేటు తీసిపెట్టి ఏ వీధికుక్కనో రానిచ్చావు!" అని అప్పలకొండ మీద విరుచుకుపడ్డాడు.

"లేదు బాబూ. ఆ రోజుల్లో తాళం వేశాకే స్నానానికైనా వెళ్ళేదాన్ని."

"అబద్ధాలు కూడానా!"

అరుపులకి ఇరుగుపొరుగు వాకిళ్ళలోకి వచ్చి నిలబడ్డారు. అప్పలకొండ కొంగు ముడి విప్పి, తాళాలు అరుగు మీద పెట్టి వెళ్ళిపోయింది.

నాలుగు రోజులు గడిచాయి. కాటుక తిండి సరిగా ముట్టడం లేదు. మాటిమాటికీ గేటు దగ్గరికి పోయి కూర్చునేది. జగ్గరాజు పశువుల డాక్టరు సుభాషిణిని పిలిపించాడు. ఆమె తల్లినీ పిల్లల్నీ పరీక్షించి, "బాగానే ఉన్నాయి. అలవాటైన మనిషి కనబడక బెంగపెట్టుకున్నట్టుంది" అంది.

జగ్గరాజు జరిగింది చెప్పాడు. డాక్టరు తిన్నగా హాల్లోకి నడిచి వంశపత్రం ముందు నిలబడింది.

"కాటుక తల్లి రంగు ఏమని రాసుందో చదివారా?"

జగ్గరాజు కళ్ళజోడు పెట్టుకున్నాడు. తల్లి పేరు కింద 'చాక్లెట్' అని, అంటే ఈ పిల్లల గోధుమరంగే, రాసి ఉంది. ఇన్నేళ్ళలో ఆయన ఆ కాగితాన్ని వచ్చినవాళ్ళకి చూపించాడే గానీ ఒక్కసారీ పూర్తిగా చదవలేదు.

"ప్రతి పిల్లా రంగులో ఒక పాలు తల్లి నుంచీ, ఒక పాలు తండ్రి నుంచీ తెచ్చుకుంటుంది" అంది డాక్టరు. "రెండింటిలో ఒకటి నలుపైతే చాలు, పైకి నలుపే కనబడుతుంది. గోధుమరంగు లోపల ఉండిపోతుంది. తల్లిలో దాగిందీ తండ్రిలో దాగిందీ ఒకే పిల్లకి అందితే, ఇదిగో, ఇలా బయటపడుతుంది. ఇవి అచ్చమైన లాబ్రడార్ పిల్లలే."

ఆయన వెంటనే విశాఖ స్నేహితుడికి ఫోన్ చేశాడు. "మావాడి పిల్లల్లో ఇంతకుముందూ అలాంటివి పుట్టాయి. మామూలే కదా!" అన్నాడు స్నేహితుడు.

జగ్గరాజు ఆ సాయంత్రమే రైలు గేటు అవతల ఉన్న అప్పలకొండ ఇంటికి వెళ్ళాడు. ఆమె అప్పుడే పనినుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. ఒక హాస్టల్ వంటింట్లో చేరిందట.

"పొరపాటు నాదే, అప్పలకొండా. రేపటి నుంచి వచ్చెయ్."

"అది పొరపాటని నాకు ఆ రోజే తెలుసు బాబూ. మీకు తెలియడానికే ఇన్నాళ్ళు పట్టింది."

"కాటుక నీకోసం బెంగపెట్టుకుంది."

ఆమె కళ్ళు చెమర్చాయి. "దాన్ని చూడ్డానికి వస్తాను. పనికి మాత్రం రాను. రేపు ఇంకేదో జరిగితే మళ్ళీ నా వైపే చూస్తారు. ఒక్కటి చెయ్యండి. నలుగురిలో అన్నారు, నలుగురిలోనే కాదని చెప్పండి."

మర్నాడు పొద్దున్నే జగ్గరాజు ఇంటింటికీ వెళ్ళి, తప్పు అప్పలకొండది కాదనీ, తనదేననీ చెప్పి వచ్చాడు. ఆదివారం ఆమె వచ్చింది. కాటుక ఆమె ఒళ్ళో తల పెట్టుకుని చాలాసేపు పడుకుంది. చీకటి పడకముందే ఆమె లేచి తన ఇంటికి వెళ్ళిపోయింది.

నీతి: నిజం తెలుసుకోకుండా ఎవరి మీదా నింద వేయకూడదు. అన్న మాటకి క్షమాపణ చెప్పుకోవచ్చు గానీ, విరిగిన మనసు మునుపటిలా అతకదు.