ఆకాశం నుంచి దిగని మనిషి

పూర్వం ఒక రాజు మనిషిని ఆకాశంలో ఎగరేయాలనే కోరికతో విమానశాల కట్టించాడు. దాని అధిపతి వాచస్పతి. అక్కడ జరిగిన ప్రయోగాలన్నీ ఏటా గ్రంథంగా రాసి సభలో చదివేవాడు. గ్రంథంలో అశుభం రాయకూడదని ఆయన నియమం. అందుకే అందులో ఎగిరినవాళ్లే తప్ప పడినవాళ్లు ఉండరు.

ఆ ఏడు, "వెదురు రెక్కలు కట్టుకుని గౌరయ్య కొండకొన నుంచి గద్దలా లేచాడు" అని చదివి గ్రంథం మూశాడు. "రేపు అలాంటి రెక్కలతోనే అతని తమ్ముడు ఎగురుతాడు" అన్నాడు. సభంతా భళా అంది.

అప్పుడు గౌరయ్య భార్య నూకాలు ముందుకొచ్చింది. నుదుట కాసంత పెద్ద బొట్టు, తలనిండా పూలు.

వాచస్పతి మండిపడ్డాడు. "మొగుడు పోయి నెల తిరగలేదు, ఈ సింగారమేమిటే? సిగ్గులేదూ?"

"అదేంటి బాబూ! లేచాడనే కదా తమరు చదివారు. పడ్డాడని ఎక్కడా లేదే! మా ఆయన ఇంకా పైనే ఉన్నాడనుకున్నాను."

"పైనేమిటి! ఎడమ రెక్క విరిగి, నా కళ్లముందే రాళ్లమీద పడి చచ్చాడు!"

రాజు వాచస్పతినే చూస్తున్నాడు.

నూకాలు పూలు తీసి గ్రంథం మీద పెట్టింది. చెంగుతో బొట్టు తుడిచేసుకుంది.

"ఆ ముక్క కూడా ఇందులో రాయించండి, మారాజా. నా మరిది రెక్కలు కట్టుకోక ముందే."

రాజు లేచి వచ్చి, గంటం తీసి వాచస్పతి చేతిలో పెట్టాడు.