తీతువు కూత

అనగనగా, నేల మీద ఊళ్ళు తక్కువ, నీళ్ళు ఎక్కువ ఉన్న కాలంలో, ఒక పెద్ద సరస్సు. మహోదరుడనే గూడబాతు ఆ సరస్సులోని పక్షులకు రాజు.

ఒడ్డున గులకరాళ్ళ మధ్య అరుణాక్షి అనే తీతువు కాపురం ఉండేది. తీతువులు గూడు కట్టవు. ఉత్త నేల మీదే గుడ్లు పెడతాయి. అందుకే అరుణాక్షికి కునుకు తక్కువ, భయం ఎక్కువ. తుంగలో ఏ మాత్రం అలికిడైనా చివ్వున పైకి లేచి, సరస్సంతా వినబడేలా కూసేది.

ఆ ఏడు ఎండలకు నీరు వెనక్కి తగ్గింది. సరస్సులో చావులు మొదలయ్యాయి. ముందు ఒక ముసలి బాతు పోయింది. తరువాత ఒక ఉల్లంకిపిట్ట. ఆపైన నీలవేణి అనే నీటికోడి బిడ్డల్లో ఒకటి. మూడుసార్లూ చావుకు ముందు తీతువు కూత వినబడింది.

నీలవేణి ఏడుస్తూ కొలువుకు వచ్చింది. "మహారాజా, ఆ పాపిష్టిది కూసినప్పుడల్లా ఎవరో ఒకరు పోతున్నారు. కూత నా చెవులారా విన్నాను. నా బిడ్డ పోయింది. దాన్ని వెళ్ళగొట్టండి!"

మంత్రి దీర్ఘజంఘుడు, కొంగ, మెడ ఊపాడు. "తీతువు కూస్తే చావు తప్పదని పెద్దలు ఊరికే అన్నారా ప్రభూ?"

అరుణాక్షిని పిలిపించారు. రేపు పొద్దుటికల్లా ఎల్ల దాటి పొమ్మన్నాడు రాజు. ఆమె గుడ్లు ఇంకా పిల్లలు కాలేదు. మోసుకుపోవడానికి లేదు, వదిలిపోవడానికి మనసు రాదు.

"ప్రభూ, బావురుపిల్లిని చూసి నేను కూస్తున్నాను. నా కూత విని చావు రావడం లేదు."

"పిల్లా? మేమెవరమూ చూడలేదే!" అన్నాడు మంత్రి.

"అది తుంగలో నక్కి ఉంటుంది. కూత వినగానే మీరంతా నా వైపు చూసి తిట్టుకుంటారు గాని, తుంగ వైపు చూడరు."

"నీకు సాక్షులున్నారా?" అని అడిగాడు రాజు.

"లేరు ప్రభూ. కానీ ఒక్క మాట. నీలవేణక్క మూడు చావులు లెక్కపెట్టింది. నేను కూసినా ఎవరూ పోని రోజులు ఎన్ని? వాటిని ఎవరు లెక్కపెట్టారు?"

ఏమీ జరగని రోజును ఏ పక్షి గుర్తుపెట్టుకుంటుంది?

"పున్నమి దాకా ఆగుదాం," అన్నాడు రాజు. "కూత తరువాత ఎవరైనా పోతే కొలువులో ఒక గురివింద గింజ వేయండి. కూసినా అందరూ క్షేమంగా ఉంటే తెల్ల గుల్ల వేయండి. కూత లేకుండానే ఎవరైనా పోతే నల్లరాయి."

పున్నమి వచ్చింది. తెల్ల గుల్లలు పెద్ద కుప్ప అయ్యాయి. గురివిందలు కొద్దిగా ఉన్నాయి. నల్లరాయి ఒక్కటీ లేదు.

"కూస్తే చావు తప్పదన్న మాట అబద్ధమే" అన్నాడు రాజు.

"నిజమే ప్రభూ," అన్నాడు మంత్రి. "కానీ కూయని రోజున చావూ లేదు. రెంటికీ ఏదో పొత్తు ఉంది. కూత మానితే చావులూ మానతాయేమో!"

"పొత్తు ఉంది మంత్రివర్యా," అంది అరుణాక్షి. "కప్పకూ వానకూ ఉన్న పొత్తే. కప్ప అరిచిందని వాన పడుతుందా? వాన వస్తోందనే కప్ప అరుస్తుంది."

"ఇది మాటలతో తేలదు," అన్నాడు రాజు. "కొన్నాళ్ళు కూత మానుకో. కూశావో, గుడ్లు వదిలి పోవలసిందే."

అరుణాక్షి కూత మానుకుంది. మరునాడే కొలువులో ఒక నల్లరాయి పడింది. ఆ వెంట మరొకటి. చూస్తుండగానే నల్లరాళ్ళు గురివిందలను మించిపోయాయి.

"కాకతాళీయం కావచ్చు. ఇంకొన్నాళ్ళు చూద్దాం" అన్నాడు మంత్రి. ఈసారి అతని గొంతులో మునుపటి ధీమా లేదు.

ఒక ఉదయం అరుణాక్షి గుడ్ల మీద కూర్చుని ఉంది. తుంగ కదిలింది. బావురుపిల్లి పొట్ట నేలకు ఆనించి పాకుతోంది. ఎదురుగా ఉన్నది నీలవేణి గూడు. అందులో మిగిలిన బిడ్డలు.

అరుణాక్షి ముక్కు బిగించుకుంది. కూస్తే తన గుడ్లు పోతాయి. కూయకపోతే ఎవరూ తప్పు పట్టరు. పైగా తన మీద ఫిర్యాదు చేసింది నీలవేణే. పిల్లి ఇంకో బారెడు ముందుకు పాకింది.

అరుణాక్షి పైకి లేచి కూసింది. గొంతు చిరిగేలా కూసింది.

నీలవేణి ఉలిక్కిపడింది. ఈసారి ఆకాశం వైపు చూడలేదు. కొలువులో అరుణాక్షి అన్న మాట గుర్తొచ్చి తుంగ వైపు చూసింది. ఆకుల సందున రెండు పచ్చని కళ్ళు! బిడ్డలను నీళ్ళలోకి తోసి తానూ దూకింది. పిల్లి వచ్చి ఖాళీ గూట్లో పడింది. సరస్సులోని పక్షులన్నీ దాన్ని చూశాయి.

అరుణాక్షి తల వంచుకుని కొలువుకు వచ్చింది. "ఆజ్ఞ మీరాను ప్రభూ. శిక్ష వేయండి."

నీలవేణి అడ్డం వచ్చింది. "మహారాజా, దీన్ని పంపేట్టయితే నన్నూ నా బిడ్డలనూ కూడా పంపండి. ఇది లేని చోట మేము బతకలేం."

దీర్ఘజంఘుడు మెడ దించాడు. "ప్రభూ, కూత పక్కన చావును చూశాను. ఆ రెంటి వెనక ఉన్న పిల్లిని చూడలేదు. తప్పు నాది."

"తప్పు నాది కూడా," అన్నాడు రాజు. "నల్లరాళ్ళు మొదట పడ్డప్పుడే కళ్ళు తెరవవలసింది. పోయినవాళ్ళు తిరిగి రారు."

శిక్ష రద్దయింది. తీతువు కూస్తే అందరూ తుంగ వైపు చూడాలని చాటింపు వేశారు. కొన్నాళ్ళు తిండి దొరకక బావురుపిల్లి మరో మడుగు వెతుక్కుంటూ పోయింది. అరుణాక్షి గుడ్లు పిల్లలయ్యాయి.

ఒకదాని వెంట ఒకటి వచ్చినంత మాత్రాన మొదటిది రెండోదానికి కారణం కాదు. జరిగినవాటితో పాటు జరగనివాటినీ లెక్కపెట్టి చూసినవారికే నిజం తెలుస్తుంది.