బంతి వేసిన తాళం

ఒకానొక రాజ్యంలో, కొండల నడుమ పొత్తవరం అనే కోటలో, ప్రచండభూపతి అని ఒక రాజు ఉండేవాడు. మనిషి మంచివాడే. కాకపోతే తనకు తెలియని సంగతి ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదని ఆయన నమ్మకం.

ఆయన కొలువులో చెన్నసాని తాళం వేసేది. నాట్యగత్తె అడుగూ, మద్దెల దెబ్బా, పాటా అన్నీ ఆమె చేతిలోని రెండు కంచు తాళాల వెంటే నడవాలి. అక్షరమ్ముక్క రాదు గానీ, నలభై ఏళ్లలో ఆ చెయ్యి ఒక్కనాడు తప్పింది లేదు.

ఒకనాడు రాజుగారికి ఒక ఆలోచన పుట్టింది. "మనిషి చెయ్యి అలిసిపోతుంది. యంత్రానికి అలుపేమిటి?" అన్నాడు.

పాతిక జానల టేకు బల్ల చేయించాడు. దాని పొడవునా గాడి తీయించి, ఒక కొస కొంచెం ఎత్తి పెట్టించాడు. గాడి మీద అయిదు జానలకొక గంట చొప్పున అయిదు గంటలు కట్టించాడు. కొలబద్ద తానే పట్టుకుని కొలిచాడు. పైనుంచి ఇత్తడి బంతి వదిలితే అది దొర్లుతూ ఒక్కొక్క గంటనే మోగించుకుంటూ పోతుంది. దానికి 'సమతాళ యంత్రం' అని పేరు కూడా పెట్టేశాడు.

నిండు కొలువులో బంతి వదిలారు. చెన్నసాని తాళం అందుకుంది. మొదటి గంట ఎంతకీ మోగదు. మోగాక తక్కినవి ఒకదాని మీద ఒకటి పడ్డట్టు మోగాయి. గంటల వెంట పోవాలో తాళం వెంట పోవాలో తెలియక, పాపం, నాట్యగత్తె గజ్జెలు మెలికపడి చతికిలబడింది.

రాజు ముఖం కందగడ్డయింది.

"చెన్నసానీ! నా గంటలు సమాన దూరంలో ఉన్నాయి. అంటే తప్పింది నీ చెయ్యే. తాళాలు ఈ మెట్టు మీద పెట్టి ఇంటికి నడు."

చెన్నసానికి చెవులు వేడెక్కాయి. కొలువు పోతే పోయింది. చెయ్యి తప్పిందన్న మాట ఎలా మింగడం? ఆమె రాజువైపు చూడలేదు, బంతివైపు చూసింది. అది ఇందాక పైన తీరిగ్గా నడిచింది. కిందికి వచ్చేసరికి ఇంటిముఖం పట్టిన ఎద్దులా పరుగెత్తింది. ఆమెకు విషయం అర్థమైపోయింది.

"అలాగే పెడతాను, మహాప్రభూ. ముసలి చెయ్యి, తప్పే ఉంటుంది. పోయేముందు ఒక్క కోరిక. తమ బిరుదులు అయిదూ ఆ గంటల మీద వినాలని ఉంది. గంటకొక బిరుదు. గంట మోగిందా, ఆ బిరుదు అయిపోయినట్టే. చెవులారా విని వెళ్లిపోతాను."

రాజు మీసం పైకి లేచింది. బిరుదులు చదివే వల్లభన్నను పిలిపించాడు. బంతి వదిలారు.

"చతుస్సముద్ర ధరామండలాధీశ్వరా!" అని వల్లభన్న సాగదీసి చదివి, దగ్గి, గొంతు సవరించుకున్నాక గాని మొదటి గంట మోగలేదు.

"రణరంగభైర..." ఠంగ్!

"శత్రుహృద..." ఠంగ్!

"సకల..." ఠంగ్!

"సా..." ఠంగ్!

కొలువులోని వాళ్లు నోళ్లకు పైపంచెలు అడ్డం పెట్టుకున్నారు.

"ఏమయ్యా! నా సార్వభౌమ బిరుదేదీ?" అని గర్జించాడు రాజు.

"గంట మింగేసింది, ప్రభూ! మొదట్లో దగ్గేంత తీరిక ఇస్తుంది, చివర నోరు తెరవనివ్వదు."

"మళ్లీ చదువు!"

మళ్లీ చదివాడు. మూడోసారి వల్లభన్న ఎగిరి ఎగిరి చదివినా 'సార్వ' దగ్గరే గంట కొట్టేసింది. రాజు మెల్లిగా చెన్నసాని వైపు తిరిగాడు.

"తమ గంటలు సమంగానే ఉన్నాయి, ప్రభూ. బంతి నడకే సమంగా లేదు. వాలులో దిగేకొద్దీ దానికి జోరెక్కుతుంది. బల్లనూ బంతినీ ముట్టుకోను. గంటలు మాత్రం జరపనివ్వండి."

రాజు తల ఊపాడు. ఆమె తాళం వేస్తూ బంతిని వదిలించింది. దెబ్బ పడ్డ వేళకు బంతి ఎక్కడుందో అక్కడికి గంటను జరిపింది. మళ్లీ వదిలించింది, మళ్లీ జరిపింది. పైన గంటలు దగ్గరగా, కిందికి పోయేకొద్దీ ఎడంగా అయ్యాయి.

"తాగినవాడి అడుగుల్లా ఉన్నాయి," అని మంత్రి నవ్వాడు.

ఈసారి బంతి దిగుతుంటే ఆ నవ్వు ఆగిపోయింది. ఠంగ్... ఠంగ్... ఠంగ్... ప్రతి గంటా చెన్నసాని తాళం మీదే పడింది. వల్లభన్న అయిదు బిరుదులూ నిండుగా చదివాడు. చివరి బిరుదు పూర్తిగా వినపడేసరికి రాజు కళ్లు అరమోడ్పులయ్యాయి.

ఆపైన ఆయన ఉండబట్టలేక సింహాసనం దిగి, కొలబద్దతో గంటల ఎడం కొలిచాడు. బంతి వదిలే చోటునుంచి మొదటి గంటకు ఒక జాన. తర్వాత మూడు. తర్వాత అయిదు, ఏడు, తొమ్మిది. నమ్మకం కుదరక మళ్లీ కొలిచాడు. అదే వరస! ఆ వరస చెన్నసానికీ కొత్తే. ఆమె కూడా వంగి, ఇంత చిన్న ఇత్తడి బంతికి ఈ బేసి లెక్క ఎవరు నేర్పారా అని కళ్లింత చేసుకుని చూసింది.

"నేను కొలబద్ద పెట్టి కొలిచి తప్పాను," అన్నాడు రాజు. "నువ్వేం పెట్టి కొలిచావు?"

ఆమె తల ఎత్తింది. "నలభై ఏళ్లు పెట్టి కొలిచాను, ప్రభూ."

రాజు కిరీటం పక్కకు జారేలా నవ్వాడు. "గండపెండేరం తీసుకురండి!" అన్నాడు.

"ప్రభూ, అది మహాపండితుల కాలికి..." అని మంత్రి నసిగాడు.

"నాకే పాఠం చెప్పింది! ఇంకెంత పండితులు కావాలయ్యా నీకు?"

చెన్నసాని ఎడమ కాలు ముందుకు పెట్టింది. రాజు స్వయంగా వంగి తొడగబోయాడు గానీ, అలవాటులేని పని కదా, పెండేరం చీలమండ దగ్గర పట్టేసింది. ఆయన గట్టిగా తోయబోయాడు.

"నిదానం, మహాప్రభూ," అంది చెన్నసాని. "తమకూ జోరెక్కుతోంది."

వంగినవాడు వంగినట్టే ఉండి, రాజు మళ్లీ పకపకా నవ్వాడు.