గుంజ దిగని రోజు

కామేశం మాస్టారిని ఎవరైనా ఏదైనా అడిగితే, ఆయన జవాబు చెప్పే ముందు చెప్పులు వెతుక్కునేవారు. కూర్చున్న చోట జవాబు చెప్పడం ఆయనకు అలవాటు లేదు. నీళ్లు మరిగేటప్పుడు మూత ఎందుకు ఎగురుతుందని అడిగిన రైసుమిల్లు డ్రైవరును టీకొట్టుకు తీసుకువెళ్లారు. ఇంద్రధనుస్సు గురించి అడిగిన టైలరును తడిసిన రోడ్డు మీద సూర్యుడికి వీపు పెట్టించి గంటసేపు నిలబెట్టారు. ముప్పై ఏళ్లు హైస్కూలులో భౌతికశాస్త్రం చెప్పి విరమించాక, చిన్నప్పుడు బడి మానేసిన పెద్దవాళ్లను పోగేసి వాళ్లచేత పదో తరగతి పరీక్ష రాయించడం ఆయన పెట్టుకున్న పని. కాలవగట్టు మీది గ్రంథాలయం వరండాలో రోజూ సాయంత్రం క్లాసు జరిగేది. వచ్చేవాళ్లు పదిమందీ లేరు. వాళ్లందరిలోకీ పెద్దది మాణిక్యాంబ. ఆమెకు అరవై నాలుగేళ్లు. ఎనిమిదో తరగతిలో బడి మాన్పించారు. ఆ తర్వాత సరుకులు చుట్టి ఇచ్చిన కాగితం కూడా వదలకుండా చదువుతూనే వచ్చింది కానీ, పరీక్ష అన్నది ఒక్కటీ రాయలేదు.

పరీక్ష దరఖాస్తులు పంపడానికి గడువు ఆ రోజుతో ఆఖరు. అందరూ సంతకాలు చేశారు, మాణిక్యాంబ తప్ప. ఆమె ఆ రోజు క్లాసుకు రెండు గంటల ముందే వచ్చి, బెంచీ చివర కూర్చుని, "నా పేరు తీసెయ్యండి మాస్టారూ" అంది.

"ఏమైందమ్మా?"

"ఏమీ కావడం లేదు, అదే వచ్చిన చిక్కు. మొదట్లో రోజుకు నాలుగు పేజీలు బుర్రలోకి దిగేవి. కాంతి పాఠం వారంలో అయిపోయింది. ఈ పని, శక్తి పాఠం పట్టుకుని నెల దాటింది. ఒక్క పేరా దిగడం గగనంగా ఉంది. రాత్రి చదివింది పొద్దున్నకు ఉండటం లేదు. ఇవాళ స్టవ్వు దగ్గర నిలబడి, గతిశక్తి అంటే ఏమిటే అని నన్ను నేనే అడుక్కున్నాను. ఒక్క ముక్క రాలేదు. పాలు పొంగిపోయాయి."

ఆమె కాసేపు కాలవ వైపు చూసి, అసలు మాట అప్పుడు చెప్పింది.

"మా అమ్మకూ ఇలాగే మొదలైంది. ముందు చుట్టాల పేర్లు పోయాయి, తర్వాత మా వీధి పేరు. చివరి రెండేళ్లూ నేను అన్నం కలిపి పెడుతుంటే, ఎవరమ్మా నువ్వు, మంచిదానివి, అనేది. పరీక్ష పోతే పోయింది, నాకేం బాధ లేదు. నా భయమల్లా అది. ఇంత చదువుతున్నానే, ఎందుకు దిగటం లేదు? నా బుర్ర ఇంక దేన్నీ తీసుకోనంటోందా? అదొక్కటి చెప్పండి. అవునంటే ఇంటికి పోయి కూర్చుంటాను."

మాస్టారు బెంచీ కింద చెప్పుల కోసం కాలితో తడిమారు. "రండి, అలా వెళ్లొద్దాం" అన్నారు.

గ్రంథాలయానికి రెండు వందల గజాల దూరంలో కాలవ మీద కాలిబాట వంతెన కడుతున్నారు. పాతది కిందటి వానాకాలం కొట్టుకుపోయింది. అక్కడి నేల అంతా ఒండ్రు. అందుకని ముందుగా సరుగుడు గుంజలను నిలువునా నేలలోకి కొట్టి, వంతెన బరువంతా వాటి మీద నిలబెడతారు. మూడు దుంగలతో కట్టిన ముక్కాలి, దాని నెత్తిన గిలక, గిలక మీదుగా మోకు, మోకు కొసన రెండు క్వింటాళ్ల పైచిలుకు ఇనుప దిమ్మ. మోకు రెండో కొసను ఆరుగురు పట్టుకుని లాగుతారు. దిమ్మ పైకి లేచాక మేస్త్రి "ఒదులు" అంటాడు. వదిలేస్తారు. అది వచ్చి గుంజ తల మీద పడుతుంది. అంతే పని. పొద్దున్నించి సాయంత్రం దాకా అదే పని.

మేస్త్రి పేరు ఏడుకొండలు. అతనికి ఒక పట్టింపు ఉంది. ముక్కాలికి ఒక ఎర్రగుడ్డ కట్టి, దిమ్మ ఆ గుడ్డను తాకితే తప్ప వదలనివ్వడు. గుంజ దిగిన కొద్దీ గుడ్డను కూడా అంత కిందికి జరుపుతాడు. గుంజ తల నుంచి గుడ్డ దాకా ఎప్పుడు కొలిచినా సరిగ్గా నిలువెత్తు ఉండాలి. కూలివాళ్లకు అది మేస్త్రిగారి చాదస్తం. వాళ్లు చూసుకునేది గుంజ మీది సున్నపు గీతలను. దెబ్బకు ఎంత దిగిందన్నదే వాళ్ల లెక్క.

మాస్టారూ, మాణిక్యాంబా వెళ్లేసరికి అక్కడ పని ఆగిపోయి ఉంది. మోకు ముందు భాగం పట్టుకున్న నాగరత్నం వెనక్కి తిరిగి, నడుం మీద చేతులు పెట్టుకుని, మోకు చివరన ఉన్న తన అక్క మొగుణ్ణి నిలదీస్తోంది.

"ఏం బావా, మోకు పట్టుకుని ఉయ్యాల ఊగుతున్నావా? పొద్దున్న దెబ్బకి జానెడు దిగింది. ఇప్పుడు వేలెడు దిగటానికి ఏడుస్తోంది. మేం ముందు చచ్చేలా లాగుతుంటే, నువ్వు వెనకాల గాలి పీల్చుకుంటున్నట్టున్నావు."

"నేనూ లాగుతూనే ఉన్నాను" అన్నాడు సింహాచలం.

"లాగితే దిగాలిగా మరి."

సింహాచలం కిందటేడు కొబ్బరిచెట్టు మీంచి పడి భుజం విరగ్గొట్టుకున్నవాడు. ముఠాలోకి తిరిగి వచ్చి నాలుగు రోజులే అయింది. మిగతా నలుగురూ ఏమీ అనకుండా అతని భుజం వైపు చూశారు. తిట్టు కన్నా ఆ చూపులే ఎక్కువ పని చేశాయి. అతను మోకు వదిలేసి, గట్టు మీద చతికిలబడి, కుడిచేత్తో ఎడమ భుజాన్ని ఒత్తి చూసుకున్నాడు. "లాగుతున్నాననే అనుకుంటున్నాను. లాగలేకపోతున్నానేమో నాకే తెలీటం లేదు. నా పేరు కొట్టెయ్ మేస్త్రీ" అన్నాడు.

"అదేం కాదురా" అన్నాడు ఏడుకొండలు. "గుంజ ఆఖరికొస్తే అలాగే మొరాయిస్తది."

"ఎందుకు మొరాయిస్తది?" అంది నాగరత్నం.

"ఎందుకంటే, మా నాన్న చెప్పాడు."

"మీ నాన్న పోయి పదేళ్లయింది. ఇప్పుడు ఆయన్నెక్కడ పట్టుకుని అడగమంటావు?"

ముఠా నవ్వింది, సింహాచలం నవ్వలేదు. మేస్త్రి దిక్కు తోచక, "మాస్టారండీ, మీరైనా చెప్పండి బాబూ, కాస్త వీళ్లకి" అన్నాడు. కామేశం మాస్టారు చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని గిలక వైపే చూస్తూ నిలబడ్డారు. ఆయనకు వినిపించిందో లేదో ఎవరికీ తెలియలేదు.

మాణిక్యాంబ కళ్లు మాత్రం గట్టు మీద కూర్చున్న మనిషి మీదే ఉన్నాయి. తన చెయ్యి తనదో కాదో తెలియనట్టు ఒత్తి చూసుకుంటున్న ఆ మనిషిని ఆమె ఎక్కువసేపు చూడలేకపోయింది. చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని బురదలోకి దిగింది.

"మేస్త్రిగారూ, దిమ్మ ఆ గుడ్డను తాకకుండా ఎప్పుడైనా వదిలారా?"

"నేనుండగా ఒదలనిస్తానా అండీ? ఆయ్, ఒక్కసారి కూడా లేదు."

"పొద్దున్నా అంతే ఎత్తు, ఇప్పుడూ అంతే ఎత్తు?"

"కొలిచి చూపిస్తాను రండి."

"అక్కర్లేదు." ఆమె నాగరత్నం వైపు తిరిగింది. "అయితే ఎవరూ తక్కువ లాగలేదమ్మా. అంత బరువును అంత ఎత్తుకు లేపారు. మీరు చేసిన ఆ పనంతా దిమ్మలో దాగి ఉంటుంది. వదిలేస్తే అదే వేగమై కిందికి వస్తుంది. ఎత్తు మారలేదు గనక వేగమూ మారదు. పొద్దున్న గుంజకు ఎంత దెబ్బ తగిలిందో ఇప్పుడూ అంతే తగులుతోంది."

"మరి దిగదేం?"

"అలా వచ్చిన దిమ్మను ఎవరో ఒకరు ఆపాలి కదా. ఆపేది అడుగున ఉన్న నేల. ఆపడానికి అది కూడా అంత పనీ చెయ్యాలి. పని అంటే బలం ఒక్కటే కాదు, ఆ బలంతో జరిగిన దూరం కూడా కలుస్తుంది. పొద్దున్న పైనున్నది మెత్తటి ఒండ్రు. కొంచెం బలంతో జానెడు జరిగి జరిగి ఆపింది. ఇప్పుడు వేలెడులోనే ఆపేస్తోంది. జానకు అడ్డంగా ఎన్ని వేళ్లు?"

నాగరత్నం గుంజ మీద జాన కొలిచి, అందులో ఎన్ని వేళ్లు అడ్డంగా పడతాయో లెక్కపెట్టుకుంది. "పన్నెండండి."

"పన్నెండో వంతు దూరంలో ఆపాలంటే పన్నెండింతలు బలం కావాలి. అడుగున నేల ఇప్పుడు అంత గట్టిగా పట్టుకుంది. మీ దెబ్బ తగ్గలేదు. కింద పట్టు పెరిగింది."

నాగరత్నం అంత తేలికగా ఓడిపోయే మనిషి కాదు గనక, "దిమ్మ గుడ్డ దాకా లేచిందనుకోండి, అది మా అయిదుగురి బలమే అయుండొచ్చుగా? బావ ఉత్తినే చెయ్యి వేసి ఉండొచ్చుగా మామ్మగారూ?" అంది.

దీనికి పుస్తకంలో జవాబు లేదు. మాణిక్యాంబ ఆలోచిస్తుండగానే ఏడుకొండలు అందుకున్నాడు. "కిందటివారం మీరు అయిదుగురే కదే లాగింది? దిమ్మ నడుం దాటి లేవలేదని మధ్యాహ్నానికే పని మానేసి పోలేదూ? వీడొచ్చాకే కదా గుడ్డ అందింది?"

ఆ సంగతి అందరికీ తెలిసిందే, గుంజ గీతలు చూస్తూ మరిచిపోయారు. నాగరత్నం చెట్టు కింద పెట్టుకున్న మజ్జిగ సీసా తెచ్చి సింహాచలం ముందు పెట్టింది. "ఆ ముక్క నువ్వైనా అనొచ్చుగా బావా. నోట్లో నాలుక కూడా చెట్టు మీదే వదిలేసొచ్చావా? తాగి లే. పొద్దు వాలిపోతోంది."

సింహాచలం సగం సీసా తాగి, మూతి తుడుచుకుని లేచాడు. ఈసారి మోకు చివరికి పోనివ్వకుండా నాగరత్నం అతన్ని తన వెనకనే నిలబెట్టుకుంది.

గుంజకు ఆఖరి పది దెబ్బలు కొట్టేటప్పుడు ఆ ముఠాలో పాట ఉండదు. మేస్త్రి ఒక్కడే అంకెలు చెబుతాడు. ఒకటి అన్నాడు, దిమ్మ లేచింది, పడింది. పొద్దున్నించి మెత్తగా వినిపించిన చప్పుడు ఇప్పుడు రోలు మీద రోకలి పడ్డట్టు గట్టిగా ఉంది. రెండు, మూడు. పది దెబ్బలకూ కలిపి గుంజ ఒక్క వేలు దిగింది. ఏడుకొండలు దాని తల మీద చెయ్యి వేసి తృప్తిగా నవ్వాడు.

"మొన్న ఆ అవతలి గుంజ పెరుగులో గరిటె దిగినట్టు దిగిపోయిందండి మాస్టారూ. అందరం ఈలలు వేశాం. మర్నాడు పొద్దున్న వచ్చి దాని మీదెక్కితే నన్ను నడుం దాకా నీళ్లలోకి తీసుకుపోయింది. మళ్లీ దాని తలకు ఇంకో గుంజ అతికించి కొట్టాం." తర్వాత సింహాచలం వైపు తిరిగి, "ఎక్కరా, దీన్ని నువ్వే చూడు" అన్నాడు.

సింహాచలం నిచ్చెన వేసుకుని ఎక్కి, గుంజ తల మీద రెండు పాదాలూ దగ్గరగా పెట్టి నిలబడ్డాడు. మేస్త్రి గీత దగ్గర కన్ను పెట్టి చూశాడు. వెంట్రుకవాసి కదల్లేదు. దిగమని మేస్త్రి రెండుసార్లు చెప్పినా అతను కాసేపు దిగలేదు. అక్కడి నుంచి కాలవ వంపు దాకా చూస్తూ నిలబడ్డాడు. కింద నాగరత్నం, "ఇంక చాల్లే బావా, వంతెన కట్టేది నిన్ను చూడ్డానికి కాదు" అంది.

తిరిగి వచ్చేటప్పుడు మాణిక్యాంబ బురద కాళ్లను గడ్డికి రాస్తూ వెనకగా నడిచింది. సగం దారిలో ఆగి, "నేను చెప్పిందాంట్లో తప్పేమైనా ఉందా మాస్టారూ?" అని అడిగింది.

"దెబ్బలో కొంత చప్పుడుకూ వేడికీ పోతుంది. అది మీరు వదిలేశారు. పదో తరగతికి అంత అక్కర్లేదు లెండి."

ఆమె గుండెల నిండా గాలి పీల్చుకుని వదిలింది. ఆ నెలలో అలా ఊపిరి వదలడం అదే మొదటిసారి. "మరి మా అమ్మ సంగతి?" అంది కొంతసేపటికి.

"అది నాకు తెలియదమ్మా. రేపు ఎవరికి ఏమవుతుందో నేను చెప్పలేను. డాక్టరుకు చూపించుకోండి, మంచిదే. నేను చూసింది ఇవాళ మధ్యాహ్నమే."

మాణిక్యాంబ తలూపింది. తెలియదన్న మాట కూడా ఆమెకు ఆ పూట బరువుగా తోచలేదు. గ్రంథాలయంలో బల్ల మీది దరఖాస్తు తీసి, పేరు పూర్తిగా రాసి, తేదీ ఎవరినీ అడగకుండా తనే వేసింది. మాస్టారు కాగితాలన్నీ కవరులో పెట్టి అంచుకు జిగురు రాస్తుంటే, ఆమె బల్ల అవతల నిలబడి అడిగింది.

"పొద్దున్న స్టవ్వు దగ్గర ఎంత తలుచుకున్నా ఒక్క ముక్క రాలేదు కదా. అక్కడ అంతా ఎలా వచ్చింది మాస్టారూ?"

మాస్టారు కవరు అంచును బొటనవేలితో నొక్కారు.

"పొద్దున్న మీ గుంజ మీద ఎవరూ ఎక్కి నిలబడలేదు" అన్నారు.